గుమ్మం పట్టని బల్ల

భద్రాచలంలో గోదావరిని అడుగుల్లో కొలుస్తారు. 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా ఇంట్లో వీటికి వేరే అర్థాలున్నాయి. 43 అంటే బియ్యం బస్తా అటకెక్కాలి. 48 అంటే టీవీకి దుప్పటి చుట్టాలి. 53 అంటే టేకుబల్ల గురించి నాకూ మా ఆవిడకూ గొడవ.

ఆ బల్ల మా మామగారు పెళ్లికి పెట్టింది. ఆయనది దుమ్ముగూడెం వైపు. అడవి అంచున పుట్టిన మనిషికి టేకు కానిదల్లా పుల్లలే. వడ్రంగిని మా ఇంటికే పంపి, నడిమి గదిలో కూర్చోబెట్టి చేయించారు. చూడవచ్చినవాళ్లు నోరు తెరవకముందే "డిపోలో కొన్న కలప, బిల్లుంది" అనేవారు. మా వైపు టేకు సామానున్నవాళ్లందరికీ అదో అలవాటు. నలుగురు పడితేగానీ ఆ బల్ల లేవదు. లేచినా గుమ్మం పట్టదు. ఈ సంగతి వడ్రంగి కూలి తీసుకుని వెళ్లాక తెలిసింది. మామగారితో చెప్పే ధైర్యం మాత్రం మా ఇద్దరికీ చాలలేదు.

మడతబల్ల శ్రీరామనవమి పుణ్యమా అని వచ్చింది. నవమికి మా ఊళ్లో ప్రతి ఇల్లూ సత్రమే. బంధువులు, వాళ్ల బంధువులు, "మీది భద్రాచలమే కదా" అని ఎప్పుడో బస్సులో పలకరించినవాళ్లు. (రైల్లో వచ్చేవాళ్లు "భద్రాచలం రోడ్డులో దిగాం, ఎదురు రా" అంటారు. ఆ స్టేషనుండేది కొత్తగూడెంలో. దాదాపు 40 కిలోమీటర్లు ఎదురెళ్లాలి.) మిథిలా స్టేడియంలో కల్యాణం చూసి, తలంబ్రాలతో తిరిగొచ్చిన పెద్దవాళ్లకి మోకాళ్లు వంగవు. అందుకని నాలుగడుగుల మడతబల్ల కొన్నాను.

దాని ఒక్కో కాలికి ఒక్కో ఇనుప రింగుంటుంది. కాలు నిటారుగా లాగితే రింగు జారి కీలు మీద కూర్చుని 'టక్'మంటుంది. నాలుగు టక్కులు వినాలి. తొలి నవమినాడు నేను విన్నవి మూడే. నాలుగోది టీవీలో కల్యాణం డోలు. పానకం గిన్నె నెమ్మదిగా, ఎంతో మర్యాదగా జారి మా పెదనాన్న ఒళ్లోకి చేరింది. "ఒరేయ్, రాముడికి చెయ్యాల్సిన అభిషేకం నాకు చేశావేంరా!" అన్నారాయన. సాయంత్రం దాకా చీమలు ఆయన్ని వదల్లేదు. అప్పట్నుంచి నేను "నాలుగూ విన్నా" అంటేగానీ మా ఇంట్లో విస్తరి పడదు.

చుట్టాలు వెళ్లారుగానీ బల్ల బీరువా వెనక్కి వెళ్లలేదు. పొద్దున కూరగాయలు, సాయంత్రం మా అమ్మాయి హోంవర్కు, రాత్రి ఇస్త్రీ. ఎండాకాలం డాబా మీద వడియాలు. కోతులొస్తే బల్లతో సహా వడియాల్ని లోపలికి లాగేయొచ్చు. అదే టేకుబల్లయితే వడియాలు కోతులకి అప్పగించి రావాలి. అన్నట్టు, టేకుబల్ల కూడా ఖాళీగా లేదు. దాని మీద పాత కరెంటు బిల్లులు, కాలిపోయిన మిక్సీ ఉంటాయి.

2022 జులైలో గోదావరి 71.3 అడుగులకొచ్చింది. 1986లో 75.6 చూసిన పెద్దలు తప్ప అంత నీరు ఎవరూ ఎరగరు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మాది కరకట్ట పక్క కాలనీ. 53 దగ్గర ఆనవాయితీ ప్రకారం గొడవ పడ్డాం. "మా నాన్న ఏమనుకుంటాడు?" అంది మా ఆవిడ. "బల్లకి ఈత రాదు, నాకూ రాదు" అన్నాను. చివరికి తను పిల్లనీ సంచుల్నీ తీసుకుంది, నేను మడతబల్ల చంకలో పెట్టుకున్నాను.

పునరావాస కేంద్రమంటే ఒక బడి. బల్లతో దిగిన నన్ను చూసి అందరూ నవ్వారు. సాయంత్రానికి దాని మీద పదకొండు ఫోన్ చార్జర్లు, ఓ ముసలమ్మ బీపీ మాత్రలు, ఎవరిదో టీ ఫ్లాస్కు. రాత్రికి పేకాట. మర్నాడు మందులిచ్చేవాళ్లొచ్చి, "సార్, మీ బల్ల ఓ గంట ఇస్తారా?" అనడిగారు. సార్ అయ్యాను.

అప్పుడే మామగారి ఫోన్. కూతురెట్లుంది, మనవరాలెట్లుంది అయ్యాక అసలు సంగతికొచ్చారు.

"బల్ల జాగ్రత్తేనా అల్లుడూ?"

"జాగ్రత్తే మామయ్యా. ఇక్కడే నా ముందే ఉంది. దాని మీదే టీ పెట్టుకుని మాట్లాడుతున్నా."

అవతల కాసేపు మాట లేదు.

"అదెట్లయ్యా? అది గుమ్మం పట్టదు గదా!"