ఆర్పినా ఆరని బుగ్గకు బహిరంగ లేఖ

కోహెడ, రంగారెడ్డి జిల్లా

మా వసారా బుగ్గా,

స్విచ్ ఆపుతాను, నువ్వు ఆరవు. పోనీ వెలుగుతున్నావా అంటే అదీ లేదు. బూడిద కింద నిప్పులా తెల్లారేదాకా మినుకుమినుకుమంటూ నా మంచానికి ఎదురుగా కూర్చుంటావు. కిటికీ పరదా లాగితే పరదా వెనకనుంచి చూస్తావు. ఎండాకాలం వసారాలో పడుకుంటే సరిగ్గా నెత్తి మీద నువ్వే. నిన్ను మూడుసార్లు మార్చాను. తొమ్మిది వాట్లది తీసి ఏడు వాట్లది పెట్టాను, ఒక కంపెనీది తీసి ఇంకో కంపెనీది పెట్టాను. నకిలీ సరుకు అంటగడుతున్నావని దుకాణపాయనతో తగాదా పడ్డాను. ఆయన మారు మాట్లాడకుండా కొత్తది ఇచ్చాడు. కొత్తదాంట్లోనూ నువ్వే దూరావు.

మా అమ్మకు మాత్రం నువ్వంటే ముద్దు. "ఉండనియ్యి కొడుకా, రాత్రి లేస్తే కడప కనపడ్తది" అంటుంది. ఖర్చు లేని దీపమని ఆమె లెక్క.

ఆ ముద్దు దసరా ముందు బూజులు దులిపే రోజున తీరింది. స్విచ్ ఆపే స్టూలు ఎక్కింది. నిన్ను తిప్పి తీసి, తడిగుడ్డతో హోల్డర్ తుడవబోయింది. జివ్వుమని మోచేతి దాకా కొట్టింది. సజ్జ అంచు చేతికి దొరికింది గనక కింద పడలేదు. అరగంట సేపు చెయ్యి విదిలించుకుంటూ గోడకు ఆనుకొని కూర్చుంది. "నీ బుగ్గకు పానం ఉన్నదిరా" అంది. ఆ మాట నేను నవ్వులాటగా తీసుకున్నాను. నిజానికి మా ఇంట్లో సరైన మాట అన్నది ఆమె ఒక్కతే.

వారం తిరక్కుండా ఉరుములూ మెరుపులతో వాన. అమ్మ టీవీ స్విచ్ కూడా ఆపేసింది. నువ్వు పూర్తిగా ఆరిపోయావు. అప్పుడు గుర్తొచ్చింది, మా ఇంట్లో చాలాకాలంగా ఒక ఆచారం ఉంది: టీవీ స్విచ్ ఆపితే వసారా లైటు పడదు, కాబట్టి టీవీ స్విచ్ ముట్టుకోవద్దు. వచ్చిన చుట్టాలకు కూడా చెప్పేవాళ్లం. చెప్పులు బయట విడవమన్నంత మామూలుగా చెప్పేవాళ్లం. ఎందుకు పడదని ఒక్కరూ అడగలేదు, నాతో సహా.

నీ పుట్టుక 2020 ఎండాకాలంలో. లాక్‌డౌన్. మామిడి సీజన్ గడవడానికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఉన్నపళంగా కోహెడకు తెచ్చారు. లారీలు, డీసీఎంలు, హమాలీలతో ఊరి మొహమే మారిపోయింది. మార్కెట్ పనికొచ్చిన ఇద్దరికి మా ముందరి అర్ర కిరాయికిచ్చాం. నడిరాత్రి వచ్చేవాళ్లు, వసారాలో లైటు కావాలన్నారు. గోడకు లోపల టీవీ సాకెట్, బయట వసారా. ఒక తూటు కొడితే అయిపోయే పని. కానీ దుకాణాలు బంద్. తెలిసిన పిల్లగాడొకడు మా ఇంట్లో పడి ఉన్న రెండు తీగల తెల్ల వైరుతోనే కానిచ్చాడు. "ఇప్పటికి నడువనియ్యి అన్నా, దుకాణాలు తెరిచినంక మంచిగ ఏస్తా" అన్నాడు. మేలో గాలిదుమారం లేచి మార్కెట్ షెడ్లు కూలాయి, జనానికి దెబ్బలు తగిలాయి. మార్కెట్ తర్వాత బాటసింగారం చేరింది. కిరాయివాళ్లు పోయారు. ఆ ఏడాది తాత్కాలికమని వచ్చినవన్నీ పోయాయి, ఆ తెల్ల వైరు ఒక్కటే మిగిలింది.

మొన్న బోర్డు విప్పించాను. నీ గుట్టు అక్కడ దొరికింది.

మన మూడు తూట్ల సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్దది ఎర్త్, కుడిచేతి పక్కది ఫేజు, ఎడమది న్యూట్రల్. బోర్డు విప్పి వెనకనుంచి చూశావా, కుడి ఎడమైపోతుంది. స్క్రూల పక్కన ఎల్ అనీ ఎన్ అనీ అచ్చు ఉంటుంది. తెల్ల ప్లాస్టిక్ మీద తెల్ల ప్లాస్టిక్ అక్షరాలు, పైన దుమ్ము, చేతిలో సెల్‌ఫోన్ లైటు. ఎవరు చదువుతారు? పిల్లగాడు వెనకనుంచి కుడిపక్కదే ఫేజు అనుకొని దాన్ని స్విచ్‌లోకి తీసుకుపోయాడు. రెండోది నేరుగా నీ హోల్డర్‌కు కలిపాడు. అసలు ఫేజు అదే. రెండు తీగలూ తెల్లవే కావడంతో తప్పును పట్టిచ్చే రంగు కూడా లేకపోయింది. పైగా రెండింటినీ సాకెట్ పిన్నుల దగ్గరే, అంటే టీవీ స్విచ్ దాటిన తర్వాత కలిపాడు. మా ఇంటి ఆచారం పుట్టింది అక్కడే.

అంటే ఇన్నాళ్లూ నేను ఆపింది న్యూట్రల్‌ను. వెనక దర్వాజకు గొళ్లెం వేసుకొని ముందు దర్వాజ బార్లా తెరిచి పడుకున్నట్టు. స్విచ్ ఆపినా 230 వోల్టులు నీ హోల్డర్‌లోనే కాపురముంటాయి. దారి తెగింది కాబట్టి నువ్వు పూర్తిగా వెలగవు. కానీ నీ నుంచి స్విచ్ దాకా పోయే తీగ గోడ పక్కనా ఇంకో తీగ పక్కనా ఆనుకొని ఉంటుంది కదా, తాకకపోయినా వాటి మధ్య ఆవగింజంత కరెంటు పారుతుంది. నీ కడుపులోని కెపాసిటర్ దాన్నే బొట్టుబొట్టుగా కూడబెట్టుకుంటుంది. ఎల్ఈడీకి ఆ మాత్రం చాలు. పాత తీగె బుగ్గకు చాలదు, దాని తీగ ఎర్రగా కాలితే గానీ వెలుతురు రాదు. 2015లో ఉజాలా పథకం మొదలయ్యాక ఇంటింటికీ ఎల్ఈడీలు వచ్చాయి. అంతకుముందు ఇలాంటి తప్పు ఎన్ని గోడల్లో నోరు మూసుకొని పడుకుందో! భూమితో కలిపిన న్యూట్రల్ మీద ఒంటి స్విచ్ పెట్టరాదని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే 32వ నియమం ఉండేది. మా గోడ దాన్ని చదవలేదు.

మినుకుమన్న ప్రతి బుగ్గ వెనకా ఇదే తప్పు ఉంటుందని కాదు. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉన్నా ఇలాగే మెరుస్తుంది. తేల్చేది టెస్టరే. ఇండికేటర్ లేని స్విచ్ ఆపి బుగ్గ తీశాక హోల్డర్‌లో ఏ పిన్ను మీదా టెస్టర్ వెలగకూడదు. మా దగ్గర వెలిగింది.

సాకెట్ నుంచి లైటు లాగడమే తప్పని నేననను. మా టీవీ సాకెట్ ఆరు ఆంపియర్లది, లైట్లూ ఫ్యాన్లూ ఉన్న సర్క్యూట్ మీదే ఉంది. అలాంటి సర్క్యూట్‌కు పది పాయింట్లు, 800 వాట్లు దాటొద్దంటారు. మావి ఏడే. అదే గీజరు పెట్టే పదహారు ఆంపియర్ల సాకెట్ నుంచి సన్న వైరు లాగితే కథ వేరు. అక్కడి ఎంసీబీ లావు వైరును చూసి పెట్టింది, సన్న వైరు కాలిపోతున్నా దానికి పట్టదు.

ఈసారి పర్మిట్ ఉన్న వైర్‌మన్‌ను పిలిచాను. మెయిన్ ఆపాడు. టెస్టర్‌ను ముందు పక్కింటి ప్లగ్గులో పెట్టి అది పనిచేస్తుందో లేదో చూసుకొని వచ్చాడు. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. ఒకటిన్నర చదరపు ఎంఎం రాగి తీగలు: ఎర్రది ఫేజుకు, నల్లది న్యూట్రల్‌కు, ఆకుపచ్చది ఎర్త్‌కు. ఎర్రదాన్ని టీవీ స్విచ్‌కు కరెంటు వచ్చే వైపునే తగిలించి వసారా స్విచ్‌లోకి దింపాడు, అక్కడినుంచి ఇంకో తీగ హోల్డర్‌కు. న్యూట్రల్ ఎక్కడా తెగకుండా నేరుగా నీ దగ్గరికి. గోడ తూటులో టేపు చుట్టిన అతుకు ఒక్కటీ లేదు. మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను. అమ్మ చెయ్యి విదిలించుకున్న ఆ అరగంట ముందు దాని ఖర్చు నాకు ఎక్కువనిపించలేదు.

నిన్ను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. నిద్ర చెడగొట్టిన మాట మాత్రం నిజమే, అది తీసుకోను. దుకాణపాయనకు చాయ్ తాగించాను.

నిన్న రాత్రి స్విచ్ ఆపాను. ఆరావు. వసారా అంతా చిక్కటి చీకటి, కీచురాళ్లు తప్ప ఏమీ లేదు. హాయిగా పడుకున్నాను. రెండు గంటలకు అమ్మ లేచి కడప తట్టుకుంది. పొద్దున్నే చాయ్ గ్లాసు నా ముందు టక్కున పెట్టింది.

"ఏం రిపేరు చేయించినవ్ కొడుకా, కండ్లు కనపడ్తలేవు. ఆ టీవీ బోర్డులకెంచి ఇంకో చిన్న బుగ్గ గుంజియ్యరాదు!"

వైర్‌మన్‌కు ఫోను చేశాను. మూడు రంగుల తీగలూ వెంట తెచ్చుకొమ్మన్నాను.

ఇట్లు,
వసారా మంచం మీది మనిషి