గుమ్మం లోపలి సబ్బుబిళ్ల

భిలాయ్ పక్కనున్న మా జాముల్‌లో కిరాణా దుకాణంలో దొంగతనం చెయ్యాలంటే గొప్ప ప్రతిభ కావాలి. సామానంతా సేఠ్ వెనకాల ఉంటుంది. మనకూ సబ్బుబిళ్లకూ మధ్య గల్లాపెట్టె, సేఠ్ పొట్ట, సేఠ్ చూపు. చీటీ మనం చదవాలి, కుర్రాడు తీసివ్వాలి, సేఠ్ తూచాలి. ఇంత కాపలా ఉక్కు కర్మాగారం గేటు దగ్గర కూడా ఉండదు.

అమెరికాలో చాలాచోట్ల ఈ అడ్డంకులన్నీ తీసేశారు. గల్లా దగ్గర మనిషినీ తీసేసి, బిల్లు కొనేవాళ్లనే వేసుకోమన్నారు. ఇంక మిగిలింది పోలీసు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో, షాప్‌రైట్ దుకాణానికి వెళ్లిన ఇద్దరు తెలుగు విద్యార్థినులు కొన్నిటికి డబ్బు కట్టలేదన్న అనుమానంతో సిబ్బంది పోలీసుల్ని పిలిచారు. సుమారు 155 డాలర్ల సరుకు. అధికారి వచ్చాడు, చొక్కాకు కెమెరాతో సహా. రెట్టింపు కడతామని ఒకమ్మాయి, ఇంకెప్పుడూ చెయ్యం వదిలెయ్యమని ఇంకో అమ్మాయి బతిమాలారు. కుదరదన్నాడు.

రెట్టింపు కడతామనడం ఆ పిల్లల తెలివితక్కువ కాదు, మనమిచ్చిన శిక్షణ. అక్రమ లేఔటుకు రుసుం కడితే సక్రమమైపోయే రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్లు మరింకేమంటారు? న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు చోరీ చిన్న నేరమే. అధికారి కెమెరాలోంచి బయటికొచ్చిన వీడియోకు ఆ పరిమితి లేదు. కోర్టు ఏమన్నా అనకముందే హైదరాబాదు నుంచి మా భిలాయ్ సెక్టార్ 5 బాలాజీ గుడి ప్రసాదం వరుస దాకా తీర్పులు వచ్చేశాయి. పెళ్లిసంబంధాల వాట్సాప్ గ్రూపయితే శిక్ష కూడా అమలు చేసింది.

ఇలాంటిదే ఓ చిన్న చోరీ కేసు మన ఠాణాకు వచ్చిందనుకోండి. పూర్వం దర్యాప్తు సులువు. గుమ్మడికాయల దొంగా అని కేకేస్తే భుజాలు తడుముకున్నవాడు దొరికేవాడు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 303వ సెక్షన్ ప్రకారం, చోరీ సొత్తు 5,000 రూపాయల లోపుదై, అది మొదటి నేరమై, సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. మేజిస్ట్రేటు చెప్పకుండా పోలీసు దర్యాప్తు చెయ్యకూడదు, వారంటు లేకుండా పట్టుకోకూడదు. అంటే 4,999 రూపాయల దాకా చట్టం దొంగకు పండగ తగ్గింపు ప్రకటించినట్టే.

తొందరపడకండి. పక్కనే 305 ఉంది. మనుషులు ఉండే ఇంట్లో గానీ, సామాను భద్రపరిచే భవనంలో గానీ చోరీ చేస్తే ఏడేళ్ల దాకా జైలు, బెయిలు హక్కు కాదు. సబ్బుబిళ్లను వీధిలో తోపుడుబండి మీంచి తీస్తే రోడ్డు ఊడవాలి. అదే సబ్బును గుమ్మం దాటి లోపలికెళ్లి తీస్తే వారంటు కూడా అక్కర్లేదు. సబ్బు ధర మారలేదు, దొంగ మారలేదు. మారిందల్లా సబ్బు యజమానికి గోడలుండడం. మా ఠాణా ఇన్‌స్పెక్టరుగారిని తప్పుపట్టి లాభం లేదు. ఆయన 112 పోలీసు బండి దిగగానే ముందు చూడాల్సింది దొంగను కాదు, పైకప్పును.

ఈ లెక్కన జాముల్‌లో పెద్ద ప్రశ్న కిరాణా కొట్టు కాదు. 1965 నుంచి ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. వేతన మండలి చెప్పిన జీతం మాకూ ఇవ్వమని కాంట్రాక్టు కార్మికులు ఏళ్ల తరబడి కొట్లాడారు. నెలనెలా జీతంలో తగ్గేది సబ్బుబిళ్ల కన్నా ఎక్కువే. కానీ కూలివాడి జేబు చట్టం దృష్టిలో భవనం కాదు. అసలు తగ్గించి ఇవ్వడం చోరీయే కాదు, ‘వివాదం’. వివాదానికి ఠాణా ఉండదు, లేబరు కోర్టో ట్రిబ్యునలో ఉంటుంది. అక్కడ వచ్చేవి వాయిదాలు.

అలాగని ఇలాంటి వివాదాలకు పోలీసులు రారని నిందవెయ్యడం అన్యాయం. కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగీని 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో నిద్రలో కాల్చి చంపారు. మరుసటేడు జూలై 1న, తీసేసినవాళ్లను పనిలోకి తీసుకోండి, బతకడానికి సరిపడా కూలి ఇవ్వండి అంటూ కార్మికులు పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చారు, కాల్చారు. పదిమందికి పైగా కార్మికులు చనిపోయారు. ఒక ఎస్సై ప్రాణం కూడా పోయింది. మా జిల్లాలో పోలీసులు ఆలస్యంగా వచ్చారని ఎవరూ ఫిర్యాదు చెయ్యని సందర్భం నాకు తెలిసి అదొక్కటే.