పాత ఆటల స్థపతి

పాత కంప్యూటర్ ఆటలను వాటి కాలపు యంత్రం మీదే ఆడాలన్న పట్టుదలతో, పాతికేళ్ల కిందటి విడిభాగాలను ఊరూరా వెతికి తెచ్చి, ఇంట్లో ఒక గదిని వాటికి ధారపోసి, ఒక్కొక్క మర బిగించుకుంటూ కంప్యూటర్‌ను కట్టుకునే గృహస్థుడు తెలుగునాట ఏ ఊళ్లోనైనా ఉండగలడు గానీ, అతడి లక్షణాలన్నీ సంపూర్ణంగా వికసించడానికి పాలంపేటను మించిన చోటు లేదు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరిన ఈ ఊళ్లో రామప్ప గుడి ఉంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడి కాలంలో, 1213లో మొదలైన ఆ గుడి నిర్మాణం దాదాపు 40 ఏళ్లు సాగిందని భావిస్తున్నట్టు యునెస్కో వివరణ చెబుతుంది. 2021 జులైలో దానికి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చిన నాటి నుంచి, కంప్యూటర్ ఎప్పటికి తయారవుతుందన్న ప్రశ్నకు ఇతడి దగ్గర తిరుగులేని జవాబు ఒకటి సిద్ధంగా ఉంది.

ఇతడి వయసు నలభైకి కాస్త అటో ఇటో ఉంటుంది. చదువుకోసం హనుమకొండలో గది తీసుకుని ఉన్న రోజుల్లో, గంటకు ఇంతని డబ్బు తీసుకునే ఇంటర్నెట్ సెంటర్లలో ఇతడికి కంప్యూటర్‌తో తొలి పరిచయం కలిగింది. డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ ర్యాష్ అనే ఆటలను అక్కడే చూశాడు. చూశాడనే చెప్పాలి, ఆడింది తక్కువ. గంటకు డబ్బు కట్టగలిగిన స్నేహితుడు కుర్చీలో కూర్చుంటే, ఇతడు ఆ కుర్చీ వెనక నిలబడి, ఎప్పుడు దూకాలో, ఎప్పుడు వంగాలో సలహాలిచ్చేవాడు. అందువల్ల ఇతడిది పోగొట్టుకున్న వస్తువు మీద బెంగ అనే వాదం నిలవదు. ఆనాడు ఇతడికి పోగొట్టుకోవడానికి ఒక మౌస్ కూడా లేదు. ఇవాళ కడుతున్నది కూడా ఆ సెంటర్లలోని దుమ్ముపట్టిన కంప్యూటర్‌ను కాదు, అప్పటి పత్రికల్లో బొమ్మగా మాత్రమే చూసిన ఖరీదైన కంప్యూటర్‌ను.

కొత్త కంప్యూటర్‌లో ఆ ఆటలు ఆడితే ఏమిటన్న సందేహాన్ని ఇతడి ముందు ఎవరూ రెండోసారి వెలిబుచ్చరు, మొదటిసారికే సాయంత్రం గడిచిపోతుంది కనుక. అయితే ఇతడి సమాధానంలో నిజం లేకపోలేదు. 1980లలో వచ్చిన కొన్ని ఆటలు కాలాన్ని గడియారంతో కాక ప్రాసెసర్ వేగంతోనే కొలిచేవి. అంటే, కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే ఆ చిప్పు ఊరికే కొన్ని వేల అంకెలు లెక్కపెట్టి ముగించేసరికి తెర మీది బొమ్మ ఒక అడుగు వేయాలని ఆట రాసినవారు ఏర్పాటు చేసేవారు. 1981 నాటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఆ లెక్కన రాసిన ఆటను తర్వాతి కాలపు యంత్రంలో నడిపితే, ఆటగాడు మీట మీద వేలు ఆనించేలోపే బొమ్మ గోడకు గుద్దుకుని ఉన్న ప్రాణాలన్నీ వదులుతుంది. ఈ బాధ తప్పించడానికే అప్పటి కంప్యూటర్ల ముందువైపు టర్బో అనే మీట ఉండేది. పేరును బట్టి అది వేగం పెంచేదని తోస్తుంది గానీ, దాని అసలు ప్రయోజనం వేగాన్ని తగ్గించడమే. వేగం తగ్గించినందుకు మనిషి సంతోషించే ఏకైక సందర్భం ఇదేనని ఇతడి అభిప్రాయం.

తెర విషయంలోనూ ఇతడిది న్యాయమైన పేచీయే. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికలను బొమ్మకు ఎక్కించి 1989లో తయారుచేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డాస్ అనే పాత వ్యవస్థతో నడిచే కంప్యూటర్ల మీదికి వచ్చినప్పుడు అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలతో కనిపించేది. వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు ఉండే పాత గాజు తెరను దృష్టిలో పెట్టుకుని గీసిన ఆ రాకుమారుడిని నేటి వెడల్పాటి పలక తెర మీద సాగదీస్తే, మాఘమాసమంతా పెళ్లి భోజనాలు తిని వచ్చిన మేనమామలా కనిపిస్తాడు. అందుకే ఇతడు సికింద్రాబాద్ నుంచి 15 అంగుళాల గాజు మానిటర్‌ను రైల్లో కాజీపేట దాకా, అక్కడి నుంచి ఆటోలో హనుమకొండ బస్టాండు దాకా, ఆపై ములుగు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. టికెట్టు మానిటర్‌కు కూడా తీసుకోవాలని కండక్టరు అంటే ఇతడు కాదనలేదు సరికదా, ఆ టికెట్టును దాచిపెట్టాడు.

ఇతడి కోరికలన్నిటికీ శిఖరం వూడూ కార్డు. త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికా కంపెనీ 1996లో తెచ్చిన ఈ కార్డు, లోతు ఉన్నట్టు కనిపించే బొమ్మలను లెక్కగట్టి గీయడం తప్ప మరో పని చేయదు. మామూలు అక్షరాలు, బొమ్మలు చూపడానికి పక్కన ఇంకో కార్డు, రెండింటినీ కలిపే ఒక కేబుల్ ఉండి తీరాలి. గ్లైడ్ అనే దాని సొంత ఏర్పాటుకు తగ్గట్టు రాసిన ఆటలు మరో కార్డు మీద నడవడానికి మొరాయిస్తాయి. 2000 డిసెంబరులో ఆ కంపెనీ తన ఆస్తులను ఎన్విడియాకు అమ్ముకోవడానికి ఒప్పుకుంది. ఇంట్లో గోత్రం అడిగితే తల్లివైపు చూసే ఈ మనిషి, ఈ తేదీలను మాత్రం తడుముకోకుండా చెబుతాడు. సౌండ్ బ్లాస్టర్ కార్డు సంగతి వస్తే, డాస్ ఆటలకు అది ఎక్కడుందో తెలిపే అంకెల వరుసను, అడ్రస్ 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అని, నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు.

ఈ రకంవారిలోనే మరో శాఖ ఉంది. వారు పాత యంత్రం జోలికి పోకుండా, 2002లో వెలువడిన డాస్‌బాక్స్ వంటి ఎమ్యులేటర్‌ను, అంటే కొత్త కంప్యూటర్‌లో పాత కంప్యూటర్‌లాగా నటించే ప్రోగ్రామును పెట్టుకుని, పైసా ఖర్చు లేకుండా ఆటలన్నీ పూర్తిచేస్తారు. వీరి ప్రస్తావన తెస్తే పాలంపేట స్థపతి మాట మార్చి వానల గురించి అడుగుతాడు.

విడిభాగాల సేకరణకు రెండు క్షేత్రాలు ప్రసిద్ధం. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్, సీటీసీ అని అందరూ పిలిచే కంప్యూటర్ దుకాణాల సముదాయం, మొదటిది. అక్కడ ఏజీపీ స్లాటు, అంటే పాతకాలపు వీడియో కార్డును గుచ్చే గాడి, ఉన్న మదర్‌బోర్డు కావాలంటే కుర్రవాళ్లు లోపలున్న పెద్దాయనను పిలుస్తారు. పాత సామాన్లకు పేరుపడ్డ ఎర్రగడ్డ ఆదివారం సంత రెండోది. కొన్నదేదీ పనిచేయదని ఇతడికి ముందే తెలుసు. తెలిసే కొంటాడు, పనిచేసేదైతే ఇంటికి వచ్చాక చేయడానికి ఏమీ మిగలదు కనుక.

ఇంటికి చేరిన ర్యామ్ పట్టీల బంగారు అంచులను పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్ది తుడవడం తొలి సంస్కారం. అందువల్ల ఆ ఇంటి పిల్లలు తప్పు రాస్తే కొట్టివేతలే తప్ప చెరిపివేతలు ఉండవు. తర్వాత మదర్‌బోర్డు మీద నిలబడి ఉండే కెపాసిటర్లను, అంటే విద్యుత్తును కాసేపు పట్టి ఉంచే చిన్న డబ్బీలను, ఒక్కొక్కటిగా పరిశీలిస్తాడు. 2000 ప్రాంతంలో తయారైన వాటిలో చాలా వాటికి లోపలి ద్రావణం నాసిగా ఉండి, నెత్తి ఉబ్బి చెడిపోయాయి. 1500 మైక్రోఫారడ్, 6.3 వోల్టుల కెపాసిటర్ల కోసం ఇతడు ములుగులోని టీవీ రిపేరు దుకాణానికి పోయి కూర్చుంటే, దుకాణదారు తన పని మానుకుని ఇతడి బోర్డు పట్టుకుంటాడు. అతడి దగ్గర బాగుపడాల్సిన మిక్సీల యజమానులకు ఇతడంటే పడదు.

అన్నీ బిగించి స్విచ్ వేసినప్పుడు యంత్రం తన క్షేమసమాచారాన్ని కూతల్లో చెబుతుంది. ఒక చిన్న కూత వస్తే అంతా బాగున్నట్టు. అనేక బోర్డులలో ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు వినిపిస్తే వీడియో కార్డు సరిగా కూర్చోలేదని అర్థం. గురువు, లఘువు, లఘువు కలిస్తే భగణమని ఛందస్సు నేర్చినవారికి తెలుసు. పక్క గదిలో పడుకున్న ఇతడి తండ్రికి ఛందస్సు రాకపోయినా, అర్ధరాత్రి భగణం వినిపిస్తే కొడుకు ఇంకో గంట దాకా పడుకోడని మాత్రం తెలుసు.

పెట్టె రంగు మరో అధ్యాయం. తెల్లగా పుట్టిన ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారుతుంది. దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే చాలావరకు తెలుపు తిరిగి వస్తుంది. పాలంపేటలో ఎండకు కొదవ లేదు గానీ, ఎండ బాగా కాసే మిద్దె మీద అప్పటికే మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. "మిరపకాయలకు సోటు లేదు గని, నీ డబ్బకు ఎండ కావాల్నా కొడుకా?" అని తల్లి అడిగితే, ఇతడు మారు మాట్లాడకుండా నాలుగు మూలలా మిరపకాయలను జరిపి, పెట్టెకు సరిపడా జాగా చేసుకుంటాడు.

ఇక భార్య ముందు ఇతడికి రామప్పే శరణ్యం. రామప్ప ఆవరణలోనే శిథిలమైన కామేశ్వరాలయాన్ని తిరిగి కట్టడానికి రాళ్లన్నీ విప్పి, ఏది ఎక్కడిదో తెలిసేలా అంకెలు వేసి, అక్కడే పేర్చిన వైనాన్ని ఇతడు తరచూ ఉదాహరిస్తాడు. తన మరలు, కేబుళ్లు, కార్డులు కూడా అదే పద్ధతిలో, వార్తాపత్రిక మీద స్కెచ్ పెన్నుతో అంకెలు వేసి ఉన్నాయని చూపుతాడు. "ఆ రాళ్లు గుడి కాడ ఉన్నయి, ఇవి నా బీరువ మీద ఉన్నయి" అన్న ఆమె జవాబుకు పురావస్తుశాస్త్రంలో ఇంతవరకు సమాధానం దొరకలేదు.

ఇతడి సంపూర్ణ స్వరూపం బయటపడేది హైదరాబాదు నుంచి బావమరిది కుటుంబంతో గుడి చూడటానికి వచ్చిన రోజున. భోజనాలయ్యాక అందరూ చెప్పులు వేసుకుంటుండగా, "బామ్మర్ది, ఒక్క ఐదు నిమిషాలు" అని ఇతడు గది తలుపు తీస్తాడు. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయినందున తేదీ, అమరికలు మరిచిపోయిన యంత్రం, సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని తెర మీద రాసి ఆగుతుంది. ఇతడు ఎఫ్1 నొక్కుతాడు. విండోస్ 98 లేచేసరికి శబ్దం రాదు. శబ్దం వచ్చేసరికి మౌస్ కదలదు. సాయంత్రం కావస్తుండగా ప్రిన్స్ ఆఫ్ పర్షియా మొదలవుతుంది, ఇన్నేళ్ల శ్రమ ఫలించిన ఆ ఘడియలో ఇతడు కుర్చీలో మేనల్లుణ్ని కూర్చోబెట్టి, తాను వెనక నిలబడి, కుర్చీ వీపు మీద చేయి వేసి, "ఇగ ఎగురు, ఎగురు, అరె ఎగురరాదురా!" అంటూ సలహాలివ్వడం మొదలుపెడతాడు. రాకుమార్తెను కాపాడటానికి ఆటలో ఇచ్చిన గడువు 60 నిమిషాలు. గుడి గేటు మూయడానికి మిగిలింది అంతకంటే తక్కువ. గుడి చూడకుండానే కారెక్కుతున్న బావమరిది, "మళ్లొస్తం బావా, ఈసారి పొద్దుగాలనే వస్తం" అంటే, ఇతడు కారు కిటికీలో నుంచి ఒక చీటీ అందిస్తూ, వచ్చేటప్పుడు ఎర్రగడ్డ దిక్కు ఓసారి పోయి, ఏజీపీ కార్డు కనబడితే ఖరాబుదైనా సరే పట్టుకురమ్మని చెబుతాడు.