పిన్ను మీరే కొట్టారు కదండీ!

ఈ దేశంలో డబ్బు పోగొట్టుకున్నవాడికి అన్నిటికంటే ముందు అందేది సలహా. పోలీసు ఫిర్యాదు నంబరు ఆ తర్వాత, బ్యాంకు జవాబు ఇంకా తర్వాత. సలహా మాత్రం యూపీఐ కంటే వేగంగా, సర్వీసు చార్జీ లేకుండా జమవుతుంది. "ఓటీపీ ఎందుకు చెప్పావు బావా?" అని బావమరిది. "తెలియని లింకు నొక్కొద్దని టీవీలో రోజూ చెబుతూనే ఉన్నారుగా" అని పక్కింటాయన. ఆఖరికి బ్యాంకుకు వెళ్తే అద్దం వెనక కూర్చున్న ఉద్యోగి కంప్యూటర్ మీంచి తలెత్తి తీర్పు చెబుతాడు: "పిన్ను మీరే కొట్టారు కదండీ!" దాంతో కేసు కొట్టివేత. దొంగ మీద విచారణ ఇంకా మొదలే కాలేదు, బాధితుడి మీద పూర్తయిపోయింది.

ఇలా తీర్పులిచ్చేవాళ్ళలో నాకు బాగా ముచ్చటేసేది ఖరీదైన ఫోనున్న పెద్దమనిషి. ఆయనది లక్ష రూపాయల పైచిలుకు సెట్టు. యజమాని మొహం చూస్తే తప్ప తెరుచుకోదు. "మీ చవక ఫోన్లతో ఇదే గొడవ. మాది సేఫ్, ఎవడూ హ్యాక్ చెయ్యలేడు" అంటాడు. నిజమే. కానీ ఇప్పటి దొంగ ఫోన్‌ని హ్యాక్ చెయ్యడు, ఫోన్ చేస్తాడు. సీబీఐ అంటాడు, కస్టమ్స్ అంటాడు, మీ పేరు మీదున్న పార్సిల్లో మత్తుమందు దొరికిందంటాడు. వీడియో కాల్లో కూర్చోబెట్టి 'డిజిటల్ అరెస్టు' చేస్తాడు. అలాంటి అరెస్టు చట్టంలో ఎక్కడా లేదని 2024 అక్టోబరులో సాక్షాత్తూ ప్రధానమంత్రే 'మన్ కీ బాత్'లో చెప్పాల్సి వచ్చింది. ఆ కాల్ వచ్చినప్పుడు లక్ష రూపాయల ఫోను వల్ల ఒరిగేది ఒక్కటే, దొంగ పోలీసు చొక్కా మీద పేరుబిళ్ళ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆపైన మొహం చూపించి, వేలు ఆనించి, పిన్ను కొట్టి, భద్రతా నియమాలన్నీ తూచా తప్పకుండా పాటించి మరీ ఆయన డబ్బు పంపిస్తాడు.

అసలు భద్రత గురించి మనం ఫోను కొనేటప్పుడు ఎంత ఆరా తీస్తామో అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో కాసేపు నిలబడితే తెలుస్తుంది. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, ర్యామ్ ఎంత, చార్జింగ్ ఎన్ని నిమిషాల్లో ఎక్కుతుంది, గాజు మీద గ్లాసు ఉచితమా కాదా. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయని అడిగితే షాపతను మనల్ని ఇన్‌కం టాక్సు వాళ్ళనుకునే ప్రమాదం ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు కనీసం 5 ఏళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలని నిబంధన పెట్టారు. మనకు మాత్రం కవరు ఫ్రీ.

భద్రత ఒక గొప్ప అయితే, ఇక రెండో గొప్ప, టైము కలిసిరావడం. యూపీఐ 2016లో వచ్చింది, 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటాయి. దీన్ని నేను వెక్కిరించను. చిల్లర లేదంటూ చాక్లెట్లు చేతిలో పెట్టే కిరాణా కొట్ల పీడ విరగడైంది, అంతకంటే ఏం కావాలి? కానీ అలా మిగిలిన టైమంతా ఎటు పోతోందో చూడండి. కేవైసీ గడువు ముగిసిందన్న మెసేజ్ బ్యాంకుదా దొంగదా అని తేల్చుకోవడానికి కొంత. ముందే మంజూరైపోయిన లోను మాకొద్దు మహాప్రభో అని బతిమాలడానికి కొంత. ట్రాఫిక్ చలానా అనుకుని ఏపీకే ఫైలు నొక్కిన మామయ్య ఫోనుకు వైద్యం చేయించడానికి మిగతాది. 2025 మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న యూపీఐ మొరాయించినప్పుడైతే టీ తాగినవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి సిగ్నల్ కోసం ఆకాశాన్ని వేడుకుంటూ నిలబడ్డారు. జేబులో పది రూపాయలున్నవాడు ఆ రోజుకి జమీందారు.

వేగం అమ్మేది ఈ బ్యాంకులవాళ్ళు, యాప్‌లవాళ్ళు. "స్కాన్ చెయ్యండి, అయిపోయింది" అన్నది వాళ్ళు. ప్రతి అడ్డునూ తీసేసి, ఆలోచించే వ్యవధి కూడా లేకుండా చేసి, డబ్బు పోయాక "కాస్త ఆగి ఆలోచించాల్సింది" అనేదీ వాళ్ళే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. మన వ్యవస్థ మీద ఆ నింద వెయ్యడానికి లేదు. ముందే మొరుగుతుంది, కాకపోతే ఇంటివాడి మీద. 2025 మధ్యలో ఆపేసేదాకా ఎవరికి ఫోన్ చేసినా ముందు అమితాబ్ బచ్చన్ గొంతులో సైబర్ మోసాల హెచ్చరిక వినాల్సి వచ్చేది. అటువైపు మనిషి పలికేలోపు మనం ఎందుకు చేశామో మరిచిపోయేవాళ్ళం. లెక్కప్రకారం, ఇక్కడి సిమ్ముతో మనకు ఫోన్ చేసే దొంగ కూడా ఆ హితవాక్యాలు విన్నాకే మనతో మాట్లాడి ఉండాలి. పాపం, అతనిలోనూ మార్పు రాలేదు.

ఈ హితబోధ విలువెంతో తెలియాలంటే కలెక్ట్ రిక్వెస్టు కథ చాలు. పాత సోఫా అమ్ముతామని ఆన్‌లైన్లో పెడతాం. పది నిమిషాల్లో కొనేవాడు తయారు. బేరమాడడు. (అక్కడే అనుమానించాలి. పాత సోఫాకు బేరమాడని తెలుగువాడు ఇంకా పుట్టలేదు.) తాను ఆర్మీలో ఉన్నానని, బదిలీ అయిందని, డబ్బు ముందే పంపేస్తానని అంటాడు. ఫోన్లో టింగుమని ఒకటి వస్తుంది. పిన్ను కొడితే డబ్బు వస్తుందనుకుంటాం, పోతుంది. వచ్చింది డబ్బు కాదు, డబ్బివ్వమని అడిగే చీటీ. పిన్ను కొట్టడమంటే సరేననడం.

"డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు" అనే వాక్యాన్ని ఎన్నేళ్ళు చెప్పారని! మెసేజీల్లో చెప్పారు, పోస్టర్లు అంటించారు, ప్రకటనలిచ్చారు. ఇంజినీర్లూ డాక్టర్లూ కూడా మోసపోతున్నారంటూ విసుక్కున్నారు. ఇంజినీర్లూ డాక్టర్లూ కూడా పొరబడేలా ఉందంటే ఆ తెరలోనే ఏదో తేడా ఉందేమోనని మాత్రం అనుకోలేదు. మధ్యలో అలాంటి చీటీలకు 2,000 రూపాయల పరిమితి పెట్టారు, అంటే దొంగ ఒక చీటీకి అంతకు మించి ఆశపడకూడదన్నమాట. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి మనిషి అలా చీటీ పంపే ఏర్పాటునే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఎత్తేసింది. అంతే. మర్నాడు పొద్దున ఎవరి వ్యాపారమూ మూతపడలేదు, ఎవరింట్లోనూ పొయ్యి వెలగడం మానలేదు. మన బుర్రలో ఉందని ఇన్నాళ్ళూ తిట్టిన లోపం యాప్‌లో ఉంది, తీసెయ్యడానికి ఒక్క సర్క్యులర్ సరిపోయింది. కోట్లమంది బుద్ధి మార్చడం తేలికనిపించింది గానీ ఒక మీట పీకెయ్యడం తొమ్మిదేళ్ళకు గానీ తోచలేదు.

ఇంకో తమాషా. ఈ మెసేజీలన్నీ మనం చెయ్యకూడనివే చెబుతాయి, మనకు రావాల్సింది ఒక్కటీ చెప్పవు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. మనకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోయి, తప్పు మనదీ బ్యాంకుదీ కాక మరోచోట ఉంటే, సమాచారం అందిన 3 పనిదినాల్లోగా బ్యాంకుకు చెప్పినవాడి బాధ్యత సున్నా. తప్పు బ్యాంకుదే అయితే చెప్పినా చెప్పకున్నా సున్నా. చెప్పిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో చూపించాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చెయ్యాల్సిన భారం బ్యాంకుది. మూడు రోజుల్లో చెప్పండి, రుజువు చూపాల్సింది బ్యాంకేనండీ అని అమితాబ్ గొంతులో వినిపించి ఉంటే దేశంలో ఒక్కడు కూడా ఫోన్ పెట్టేసేవాడు కాదు.

అందులోనూ ఒక మెలిక ఉంది. ఎంత బెదిరించినా, ఎంత మోసం చేసినా పిన్ను కొట్టింది మన వేలే అయితే ఆ రక్షణ మనదాకా రావడం కష్టం. ఖాతాదారు అజాగ్రత్త వల్లే పోయిందంటే బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా అతని నెత్తినే. దొంగలు కూడా సర్క్యులర్లు చదువుకున్నట్టున్నారు. దోచుకోవడం మానేసి పంపించుకుంటున్నారు.

బ్రిటన్ వాళ్ళు ఈ కిటుకు కనిపెట్టారు. అక్కడ 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తన చేత్తో తానే పంపినవాడికి కూడా, ఘోరమైన నిర్లక్ష్యం లాంటి మినహాయింపులు పోను, 85,000 పౌండ్ల దాకా తిరిగివ్వాలి. అందులో సగం పంపినవాడి బ్యాంకు, సగం దొంగ ఖాతా ఉన్న బ్యాంకు భరించాలి. ఆ రెండో సగం చూడండి, ఎంత ముచ్చటైన సగమో! ఇక్కడ ఆ ఊసెత్తితే "జనానికి జాగ్రత్త తగ్గిపోతుందండీ" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. బ్యాంకులకు జాగ్రత్త పెరుగుతుందేమో అన్న బెంగ ఎవరికీ లేదు.

నిజానికి పెరగాల్సింది ఆ జాగ్రత్తే, ఎందుకంటే పోయిన డబ్బు గాల్లో కలవదు. ఏదో బ్యాంకులో, ఎవరి పేరు మీదో ఉన్న ఖాతాలోకే ముందు వెళ్తుంది. కమీషన్‌కు ఆశపడి అద్దెకిచ్చిన ఇలాంటి వాటిని మ్యూల్ అకౌంట్లంటారు. ఇరవై ఏళ్ళుగా అదే బ్రాంచిలో పింఛను తీసుకుంటున్న పెద్దాయనను ఆధార్ తెమ్మని ఒకసారి, పాన్ తెమ్మని ఒకసారి, సంతకం కలవలేదని మరోసారి తిప్పుతారు. మ్యూల్ ఖాతాలో పొద్దుటి నుంచి ముక్కూ మొహం తెలియనివాళ్ళు లక్షలు వేస్తున్నా, వేసింది వేసినట్టు నిమిషాల్లో ఖాళీ అవుతున్నా ఆ సంతకం దివ్యంగా కలుస్తుంది. వీటిని పట్టుకోవడానికి రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో మ్యూల్‌హంటర్ అనే ఏఐ సాధనం గురించి ప్రకటించింది. టెలికాం శాఖ 2025 మేలో అనుమానిత ఫోన్ నంబర్లకు రిస్కు సూచీ మొదలుపెట్టింది. సంతోషం. ఆపడం చేతకాక కాదని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. ఆ మాటకొస్తే కొత్తగా యూపీఐలో చేరినవాణ్ణి మొదటి 24 గంటలు 5,000 రూపాయలు దాటనివ్వని వ్యవస్థే కదా ఇది.

ఇన్ని సాధనాల మధ్య పాతకాలపుది ఒకటి బాగానే పనిచేస్తోంది. 2024లో హైదరాబాద్‌లో బ్యాంకు సిబ్బంది అనుమానించి డిజిటల్ అరెస్టు మోసాలను ఆపిన వార్తలు చదివాం. ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేసుకోవడానికి కంగారుగా వచ్చిన ముసలివాళ్ళను "ఎందుకండీ ఇంత డబ్బు, ఇంత తొందరగా?" అని అడగడమే ఆ సాధనం. బ్యాంకులేమో ఆ ప్రశ్న అడిగే మనిషి దగ్గరికి మనం రాకుండా ఉండటానికే యాప్‌లకు ప్రచారం చేస్తున్నాయి.

కూరగాయల బండి మీద కూడా ఇప్పుడో డబ్బా ఉంటుంది. దొంగ స్క్రీన్‌షాట్లు చూపించి కొత్తిమీర పట్టుకుపోయేవాళ్ళ బాధ పడలేక దానికి అద్దె కట్టి పెట్టుకుంటున్నారు. పదిహేను రూపాయలు ముట్టాయని సంతంతా వినపడేలా అరుస్తుంది. ఒక రిటైర్డు టీచరు జీవితంలో ఎన్నడూ పంపనంత మొత్తాన్ని నిన్నగాక మొన్న తెరిచిన ఖాతాకు పంపుతుంటే మాత్రం ఏ డబ్బాకూ నోరు పెగలదు. పంపాక చప్పుడు లేకుండా ఒక మెసేజ్ వస్తుంది: ఇంత డెబిట్ అయింది, చేసింది మీరు కాకపోతే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి. చేస్తే హిందీకి ఒకటి, ఇంగ్లీషుకు రెండు, తెలుగుకు ఏడు. ఏడు నొక్కి వణుకుతూ నిలబడినవాడితో ఒక తియ్యటి గొంతు, తక్కువ వడ్డీకి పర్సనల్ లోను కావాలంటే ఒకటి నొక్కమంటుంది.