అల్లుడుగారి జేబు

ల్యాప్‌టాప్ పని అయిపోయిందట. ఈమధ్య ఎవరిని కదిపినా ఇదే మాట. జేబులో ఫోను, ఫోనుకో హబ్బు, హబ్బుకు సమస్త ప్రపంచం. ఇక బల్లలూ కుర్చీలూ కూడా దండగేనన్నంత వరకూ వచ్చారు. ఈ మతం పుచ్చుకున్న హైదరాబాదు అల్లుడొకాయన దసరాకి అండమాన్‌లోని అత్తారింటికి వెళ్లాడు. విశాఖ నుంచి ఓడలో వెళ్లాడు. సముద్రం మీద కూర్చుని ఆఫీసు పని చేస్తానని. మావగారు అబర్డీన్ బజారులో హార్డ్‌వేరు వ్యాపారి. కంగారు పడకండి, గొలుసులు, నైలాను తాళ్లు, మేకులు, పడవలకి పూసే తారు అమ్మే అసలు హార్డ్‌వేరు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమైంది గాని, తాతలనాడు సిక్కోలు నుంచి ఓడెక్కిన ఆయన మాట మాత్రం ఇంకా సిక్కోల్లోనే ఉంది. సాయంత్రం ఐదున్నర. అంటే అక్కడ దీపాలు పెట్టేసిన వేళ. వీధరుగు మీద ఇద్దరూ.

అల్లుడు: మావయ్యా, ఈసారి ల్యాప్‌టాప్ తేలేదు నేను.

మావయ్య: అయ్యో, ఓడలో పోయిందేటి?

అల్లుడు: పోలేదండీ, మానేశాను. దాని కాలం చెల్లింది. (ఫోను తీసి) ఇదిగో, ఆఫీసు మొత్తం ఇందులోనే. జేబులో కంప్యూటర్!

మావయ్య: బావుంది. మరి ఆ సంచి ఏటి బాబూ?

అల్లుడు: అదా... చిన్న చిన్న సామాన్లు.

మావయ్య: తీయండి, చూద్దాం. కొట్లో సరుకు దిగినా ఇలాగే ఒక్కోటీ తీసి లెక్క రాసుకుంటాం.

అల్లుడు: ఇది హబ్. ఫోనుకున్న ఒక్క కన్నాన్నీ ఆరు కన్నాలు చేస్తుంది.

మావయ్య: జేబులో పడుతుందా?

అల్లుడు: భేషుగ్గా. ఇది మడత కీబోర్డు.

మావయ్య: జేబులోనే?

అల్లుడు: మడిస్తే పడుతుంది. కొంచెం బయటికి కనిపిస్తుందనుకోండి. ఇది మౌసు, ఇది పెన్‌డ్రైవు, ఇది కార్డ్ రీడరు, ఇవి తీగలు.

మావయ్య: ఇన్నీ జేబులోనే. ఏ దర్జీ కుట్టాడు బాబూ ఆ చొక్కా? ఈ ఇటుక దేనికి?

అల్లుడు: ఇటుక కాదండీ, పవర్ బ్యాంకు. ఇరవై వేల ఎంఏహెచ్. ఇవన్నీ కలిసి ఫోను రక్తం తాగేస్తాయి కదా, అందుకని.

మావయ్య: ఇటుకలు మేమూ తెప్పిస్తాం, మెయిన్‌లాండు నించి. అయినా ఇంత పిరం కాదు. సరే, మరి తెర? ఈ బెత్తెడు అద్దంలో లెక్కలు ఎలాగ చూస్తారు?

అల్లుడు: (కాస్త నసిగి) మీ టీవీకి తగిలిద్దామనుకున్నాను.

మావయ్య: అంటే మా నలభై అంగుళాల టీవీ కూడా మీ జేబులోదే! లగ్నపత్రికలో ఈ సంగతి రాసుకోలేదే.

(లోపలికి వెళ్లి తగిలించారు. టీవీ "సిగ్నల్ లేదు" అంది. తీగ తిప్పి పెట్టారు. మళ్లీ అదే అంది. అరుగు మీదికి తిరిగి వచ్చారు.)

అల్లుడు: కొన్ని ఫోన్లకి టైప్-సి కన్నం ఉన్నా బొమ్మని బయటికి పంపే గుణం ఉండదండీ. శామ్‌సంగ్ వాళ్లు 2017లో డెక్స్ అని తెచ్చారు, ఫోనుని పెద్ద తెరకి పెడితే కంప్యూటర్‌లా కనిపిస్తుంది. అదీ అన్ని మోడళ్లలో లేదు. పైకి కన్నాలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

మావయ్య: మా కొట్లో అరంగుళం బోల్టుకి అరంగుళం నట్టే పడుతుంది. పట్టకపోతే పట్టదని చెయ్యే చెబుతుంది. దూరిపోయి, సుఖంగా కూర్చుని, ఆ తరవాత "నాను ఆ రకం కాదు" అనే బోల్టు నా నలభై ఏళ్లలో చూడలేదు.

అల్లుడు: కొత్త టెక్నాలజీ అన్నాక...

మావయ్య: కొత్తా? మా తోడల్లుడు 2003లో సింగపూరు నించి ఐప్యాక్ అని ఒకటి తెచ్చాడు. కంపాక్ వాళ్లది. ఇలాగే అరుగెక్కి, "బావా, ఇక చిట్టా ఆవర్జాలు కాల్చెయ్, వ్యాపారమంతా అరచేతిలోనే" అన్నాడు. అప్పుడు మీరింకా నిక్కరు జేబులో గోళీలు వేసుకుంటున్నారు.

అల్లుడు: ఐప్యాక్ తెలుసండీ, క్లాసిక్! దానికి జాకెట్లు ఉండేవి.

మావయ్య: జాకెట్టే! దానికి తనంతట కార్డు దూరే చోటు లేదు. కార్డు పట్టాలంటే ముందు వెనకాల ఒక కోటు తొడగాలి. ఈ ఉక్కలో మనిషే బనీను విప్పుకుని కూర్చుంటే, మిషనుకి కోటు! ఆ కోటులో ఒక కార్డు. అగ్గిపెట్టెకన్నా పలచన, 50 కన్నాలు దానికి.

అల్లుడు: కాంపాక్ట్ ఫ్లాష్.

మావయ్య: అదే. జపానులో రాటాక్ అనే కంపెనీవాళ్లు చేసిందట. ఆ కార్డు దూరిస్తే అటు చివర ఒక యూఎస్‌బీ కన్నం వస్తుంది. ఆ కన్నానికి కీబోర్డు. కీబోర్డు పెట్టాక పెన్‌డ్రైవుకి చోటు లేదు, కాబట్టి హబ్బు. హబ్బుకి కరెంటు ఇది ఇవ్వలేదు, కాబట్టి హబ్బుకో అడాప్టరు. అడాప్టరుకి గోడ. కోటు, కార్డు, హబ్బు, అడాప్టరు, గోడ. జేబులో కంప్యూటరుకి ఆఖరికి ఒక ఇల్లు కావలసివచ్చింది. పైగా ఇవన్నీ పలకాలంటే డ్రైవరు వెయ్యాలి, డ్రైవరేమో సీడీలో ఉంది, సీడీ దూర్చడానికి మళ్లీ పెద్ద కంప్యూటరు కావాలి.

అల్లుడు: అంతకుముందు 1999లో వైజర్ అని వచ్చింది, హ్యాండ్‌స్ప్రింగ్ వాళ్లది. వీపు మీద ఒక గుంట. కెమెరా కావాలంటే కెమెరా దూర్చాలి, ఫోను కావాలంటే ఫోను దూర్చాలి. ఎంత అందమైన ఊహో!

మావయ్య: ఒంటి పొయ్యి కాపరమన్నమాట. కూర దించితేగాని అన్నం ఉడకదు.

అల్లుడు: తరవాత ఏమైంది, మీ తోడల్లుడుగారి వ్యాపారం?

మావయ్య: అది అడగండి! జంగ్లీఘాటు పడవలవాళ్లకి వాడు వలలూ తాళ్లూ అరువిచ్చేవాడు. ఏటి, నలుగురైదుగురా? రేవు రేవంతా వాడి బాకీదారులే. ఆ అప్పుల జాబితా మొత్తం చిట్టాలోంచి ఈ మిషనులోకి ఎక్కించాడు. నెల పట్టింది. ఎక్కించి, చెప్పాను కాదా, చిట్టా నిజంగానే కాల్చేశాడు. మా మరదలు ఆ మంట మీదే నీళ్లు కాచింది.

అల్లుడు: అయ్యో. ఆ రోజుల్లో పాకెట్ పీసీలు రాసిందంతా ర్యామ్‌లోనే దాచుకునేవి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే...

మావయ్య: మీకు తెలుసు, వాడికి తెలీదు. గాలివాన కొట్టి మూడు రోజులు కరెంటు లేదు. నాలుగో రోజు చార్జింగు పెడితే మిషను కొత్తపెళ్లికూతురులాగ తలెత్తి, "స్వాగతం, మీ పేరేటి?" అని అడిగింది. వాడి పేరే! జంగ్లీఘాటులో ఆ సాయంత్రం బాణసంచా కాల్చారు, దీపావళి ఇంకా రెండు నెలలుంది. ఒక ముసలాయన మాత్రం వచ్చి, "అయ్యా, నాది పన్నెండొందలు" అని తనంతట చెప్పి కట్టాడు. వాడొక్కడే. మిగతావాళ్లు ఇప్పటికీ మా తోడల్లుణ్ణి చూస్తే ఎంత ఆప్యాయంగా పలకరిస్తారనుకున్నారు! ఏటేటా అమ్మవారి జాతరకి మొదటి కొబ్బరికాయ వాడిచేతే కొట్టిస్తారు.

అల్లుడు: 2005 నుంచి విండోస్ మొబైల్‌లో ఆ ఇబ్బంది పోయింది లెండి. ఇప్పుడైతే అంతా క్లౌడ్.

మావయ్య: మబ్బులా? మబ్బుల గురించి అండమాన్‌లో చెబుతున్నారా? రెండు రుతుపవనాలూ మా నెత్తిమీదే దిగుతాయి. మబ్బుల్లో దాచుకున్నది ఏటవుతుందో మాకు తెలుసు, మీకు తెలీదు. ఓడలో ఆఫీసు పని ఎంతవరకూ అయింది?

అల్లుడు: ...రేవు కనిపించేంతవరకూ సిగ్నల్ ఉంది.

మావయ్య: ఏ రేవు?

అల్లుడు: విశాఖ.

మావయ్య: అలాగా.

అల్లుడు: అది కాదు మావయ్యా, మీరు అసలు సూత్రం వినండి. యూఎస్‌బీలో రెండు జాతులుంటాయి. హోస్టు, డివైజు. హోస్టు అడుగుతుంది, డివైజు జవాబు చెబుతుంది. అడక్కుండా డివైజు నోరు విప్పకూడదు. కరెంటు కూడా హోస్టే పెట్టాలి.

మావయ్య: (కుర్చీ దగ్గరికి లాక్కుని) ఇది బావుంది. అంటే ఇంటాయన, ఇంటికొచ్చిన అల్లుడు.

అల్లుడు: అలా అని కాదు...

మావయ్య: అలాగే. చెప్పండి, చెప్పండి.

అల్లుడు: చేతి కంప్యూటర్లు పుట్టుకతో డివైజులే. పెద్ద కంప్యూటరుకి తగిలి బతకాలి. వాటిని హోస్టు చెయ్యడానికే ఆ రాటాక్ కార్డు. 2001 డిసెంబరులో ఓటీజీ అని నియమాలు రాశారు. రాశారు గాని, పాటించడానికి ఏళ్లు పట్టింది. దాంతో ఒకే మిషను ఒకచోట డివైజు, మరొకచోట హోస్టు.

మావయ్య: ఇక్కడ అల్లుడు, వాళ్లింట్లో పెద్దరికం. సహజమే. ఎవరు ఎప్పుడు ఏదో ఎలాగ తెలుస్తుంది?

అల్లుడు: ప్లగ్గులో ఐడీ అని ఒక చిన్న పిన్ను. అది గ్రౌండుకి, అంటే నేలకి, కలిపి ఉంటే వాడు హోస్టు. నేలకి కలపకపోతే డివైజు.

మావయ్య: నేల ఉన్నోడే యజమాని! మా తాత ఈ ముక్క చెప్పి చచ్చిపోయాడు, పేటెంటు పుచ్చుకోలేదు.

అల్లుడు: ఇంకో చిత్రం, మధ్యలో తీగ పీకకుండానే ఇద్దరూ పాత్రలు మార్చుకోవచ్చు.

మావయ్య: దాన్ని ఇల్లరికం అంటారు. మా మేనత్త కొడుక్కి అలాగే జరిగింది. మరి మేత సంగతి? హోస్టు ఎంత పెట్టాలి?

అల్లుడు: మామూలు కంప్యూటరైతే 500 మిల్లీయాంపులు దాకా పెట్టాలి. ఓటీజీవాడు పాపం బ్యాటరీ మీద బతికేవాడు కదా, 8 మిల్లీయాంపులు పెట్టినా చాలు అన్నారు.

మావయ్య: ఎంత?

అల్లుడు: ఎనిమిది.

మావయ్య: (లోపలికి కేకేసి) ఏమేవ్, విన్నావా! అల్లుడికి ఎనిమిది పెడితే చాలట! నువ్వు ఉత్తినే సురమయి చేప కిలోన్నర తెప్పించావు.

అల్లుడు: అందుకే వాళ్లు తమకి సరిపడే పరికరాల జాబితా ఒకటి రాసుకోవాలి. అందులో ఉన్నవాటికే మర్యాద.

మావయ్య: శుభలేఖ అందినోళ్లకే భోజనం. చూడండి బాబూ, ఇప్పుడు నాను చెప్పింది వినండి. మా సిక్కోల్లో వాలంటీర్లు ఫోనుకి వేలిముద్ర మిషనొకటి తగిలించుకుని ఇంటింటికీ పింఛను పట్టికెళ్లేవారు. నాను ఎదురుగా నిల్చుని చూశాను. ఒక తీగ, ఒక మిషను, ముసలమ్మ బొటనవేలు, చేతిలో డబ్బు. దాన్ని పని అంటారు. మీ ఊరు హైదరాబాదులోనే ఆకాశ్ అని చవక పలక బిగించారు, 2011లో. కోటూ లేదు, కార్డూ లేదు, నేరుగా రెండు యూఎస్‌బీ కన్నాలు.

అల్లుడు: ప్రాసెసర్ 366 మెగాహెర్ట్జ్ అండీ, వేలు పెడితే మర్నాటికి కదిలేది!

మావయ్య: ఉండండి, నానింకా ఆకాశ్‌ని పొగడలేదు. కన్నాలున్నాయి, ఊపిరి లేదు అనబోతున్నాను. మీదేమో ఊపిరుంది, కన్నం లేదు. మనిషి జన్మ ఎత్తాక ఎవరు పెడుతున్నారు, ఎవరు తింటున్నారు అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ దీవులే చూడండి. మేం పెన్‌డ్రైవులాంటోళ్లం. బియ్యం, సిమెంటు, ఉల్లిపాయ, నట్టు, బోల్టు, అన్నీ అవతల నించి రావాలి. 2020 ఆగస్టు 10 దాకా ఇంటర్నెట్టు కూడా ఉపగ్రహం నించి బొట్టు బొట్టుగా కారేది. అప్పుడు చెన్నై నించి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల తీగ వేశారు. చెన్నై హోస్టు, మేం డివైజు. అడిగితేనే పలుకుతాం. అయినా మేం ఎప్పుడైనా చెప్పుకున్నామా, భారతదేశం మా జేబులో ఉందని? మనిషికి ఉండాల్సింది...

అత్తయ్య: (లోపలినుంచి) ఉపన్యాసం కట్టిపెట్టి పీతలోడికి డబ్బులిచ్చి పంపండి! గంట నించి గుమ్మంలో నిలబడ్డాడు!

మావయ్య: (చొక్కా జేబులో తడుముకుని) చిల్లర లేదు. అల్లుడుగారూ, మీ జేబులో కంప్యూటరుంది కాదా, ఓ మూడొందలు ఫోన్‌పే కొట్టండి.

(అల్లుడు ఫోను ఎత్తాడు. అదే క్షణంలో కరెంటు పోయింది. వీధి వీధంతా "హో" అంది. వైఫై పెట్టె దీపం ఆరింది.)

అల్లుడు: పరవాలేదు, మొబైల్ డేటా ఉంది... ఒక్క నిమిషం. ఒక్క శాతం చూపిస్తోంది. హబ్ తగిలించే ఉంచాను కదా, అది తాగేసినట్టుంది.

మావయ్య: ఇరవై వేల ఇటుక?

అల్లుడు: ఓడలో అయిపోయిందండీ. సిగ్నల్ వెతుక్కుంటూ ఫోను మూడు రోజులు చార్జింగు తాగుతూనే ఉంది. (చీకట్లో) ...ఆగిపోయింది.

పీతలవాడు: పోన్లే బాబూ, రేపిద్దురు గాని. నాను రాసుకుంటాను.

అల్లుడు: ఎక్కడ రాసుకుంటావయ్యా, ఈ చీకట్లో?

పీతలవాడు: బుర్రలోన. (వెళ్లిపోయాడు.)

అల్లుడు: మావయ్యా, కొట్లో ఇన్వర్టరు ఉందన్నారు కదా. టైప్-సి చార్జరేమైనా ఉంటుందా అక్కడ?

మావయ్య: హార్డ్‌వేరు కొట్టు బాబూ. కావలిస్తే గొలుసుంది.

అల్లుడు: గొలుసెందుకు?

మావయ్య: తిరుగు ఓడలో ఆ సంచి సామానంతా ఒక్కదానికొకటి కట్టుకోడానికి. మీటరు లెక్కన అమ్ముతాం. ఇంటల్లుడుగాబట్టి ఓ ఎనిమిది రూపాయలు తగ్గిస్తాను.