కొందామా, చేయించుకుందామా? ఒక వాట్సాప్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొందామా, మనకు తగ్గట్టు చేయించుకుందామా? నెలాఖరులోగా చూసి చెప్పవోయ్.

అవతారిక

ఇది ఒక సీనియర్ న్యాయవాది తన జూనియర్‌కు పంపిన సందేశం. స్థలం హైదరాబాదు, సిటీ సివిల్ కోర్టుకూ హైకోర్టుకూ మధ్య రోజంతా తిరిగే ఒక మధ్యతరహా లా ఆఫీసు. సందర్భం: ఒకే ఉదయం రెండు కోర్టు హాళ్ళలో రెండు కేసులు పిలిచారు. ఒకదానికే మనిషి వెళ్ళాడు. రెండోది వాయిదా డైరీలో లేకపోలేదు, గుమస్తాగారి చేతిరాతలో ఉంది. ఆ లిపి చదవగలిగినవారు ఆయనొక్కరే. ఆ రోజు ఆయన సెలవు. వక్త సీనియర్, శ్రోత జూనియర్, అంగిరసం భయానకం.

ప్రతిపదార్థం

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ = వేలాది ఆఫీసులను ఊహించుకుని ముందే చేసిపెట్టినది. లా ఆఫీసుల కోసం కెనడాలో 2008లో మొదలైన క్లియో ఈ కోవకు చెందినది. అమెరికాలో లాయర్లు గంటను పది ముక్కలు చేసి, ఆరేసి నిమిషాలకు బిల్లు వేస్తారు కాబట్టి ఇలాంటివాటిలో గడియారం ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. కేసుకింత అని మాట్లాడుకుని, సగం ముందు, సగం తీర్పయ్యాక అనుకునే ఆఫీసులో ఆ గడియారానికి పని లేదు. బిల్లులో పద్దెనిమిది శాతం జీఎస్టీని తనంతట తానే కలిపేసే సరుకైతే మరో తంటా. మన దేశంలో న్యాయవాది సేవ మీద, టర్నోవరు పరిమితి దాటిన వ్యాపార సంస్థ అయిన కక్షిదారు రివర్స్ ఛార్జి కింద పన్నును నేరుగా ప్రభుత్వానికే కట్టాలి; మామూలు మనిషి కక్షిదారైతే పన్నే లేదు. ఈ సంగతి తెలియని ప్రోగ్రాము దావా వేయించిన రైతుకు కూడా పన్ను వేసి కూర్చుంటుంది.

కొందామా = అద్దెకు తీసుకుందామా. ముఖ్యార్థం పొసగనప్పుడు లక్షణను ఆశ్రయించమన్నారు ఆలంకారికులు. మనిషికింత చొప్పున నెలనెలా కట్టాలి, కట్టడం మానితే తలుపు మూసుకుంటుంది. కట్టినా ఒక్కోసారి మూసుకుంటుంది: 2023 నవంబరులో ఇంగ్లండులో లా ఫర్ములకు కంప్యూటర్ సేవలందించే ఒక సంస్థ మీద సైబర్ దాడి జరిగితే, పలు ఫర్ములు తమ ఫైళ్ళు తామే తెరవలేకపోయాయి, ఇళ్ళ క్రయవిక్రయాలు ఆగిపోయాయి.

మనకు = ఎవరికి? ఇక్కడ వ్యాఖ్యాతలు పోట్లాడుకుంటారు. సీనియర్‌కు రేపటి లిస్టు కావాలి. అకౌంటెంటుకు పార్టీల అడ్వాన్సుల లెక్క కావాలి. గుమస్తాకు ఈ గొడవంతా అక్కర్లేదు. ఇక వెనకటి ఫైళ్ళన్నీ అను ఫాంట్లలో కొట్టినవి, యూనికోడ్‌లో లేవు. వెతుకు గడిలో తెలుగులో పేరు కొడితే కంప్యూటర్ సున్నా చూపిస్తుంది. ఇంగ్లీషులో వెతుకుదామంటే వెంకటేశ్వర్లు అనే పేరు ఒక్కో ఫైల్లో ఒక్కో స్పెల్లింగుతో ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. ఒక పక్షానికి ప్లీడింగ్స్ రాసిన న్యాయవాది అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి నిలబడకూడదని బార్ కౌన్సిల్ నియమం. ఆఫీసుకు వచ్చిన కొత్త పార్టీ మన పాత పార్టీకి ప్రతివాదేమో చూడాలంటే పేరు దొరకాలి కదా.

తగ్గట్టు = సూత్రమంతా ఈ పదం మీదే నిలబడింది కాబట్టి కొంచెం ఆగాలి.

జూన్ 3న తీర్పు వచ్చింది. జిల్లా కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. సాధారణ క్యాలెండర్ ప్రోగ్రాము లెక్కవేసి జూలై 3 అంటుంది. కానీ లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం తీర్పు రోజును లెక్కించరు, సర్టిఫైడ్ కాపీకి పట్టిన కాలాన్నీ మినహాయిస్తారు. కాపీ వెనక ముద్ర చూస్తే దరఖాస్తు పెట్టిన తేదీ, ఛార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ వరసగా కనిపిస్తాయి. జూన్ 6న దరఖాస్తు, జూన్ 20న కాపీ సిద్ధం, ఛార్జీలు అడిగిన రోజే కట్టేశారు అనుకుంటే, మినహాయింపు 15 రోజులు, గడువు జూలై 18. ఛార్జీలు కట్టడంలో నాలుగు రోజులు నిద్రపోతే ఆ నాలుగూ పార్టీ ఖాతాలోనే పడతాయి. జూలై 18న కోర్టుకు సెలవైతే 4వ సెక్షన్ పుణ్యాన తెరిచిన రోజున వేయవచ్చు.

ఈ నాలుగు తేదీల ముద్రను విదేశీ సరుకు ఎరగదు. చేయించుకుంటే నేర్పవచ్చు. అయితే టీకాకారుడికి ఇక్కడ ఒక అనుమానం. రెడీమేడ్ లెక్క తప్పయినా ముందరి తేదీనే చెప్తుంది. ఆఫీసులో హడావిడి తప్ప నష్టం లేదు. చేయించుకున్నది ఒక్కరోజు ఎక్కువ మినహాయించిందా, ఆలస్యాన్ని మన్నించమని 5వ సెక్షన్ కింద పిటిషన్ వేసుకుని, ఆలస్యానికి కారణం రాయాల్సిన అఫిడవిట్‌లో సాఫ్ట్‌వేర్ పేరు ఎక్కించాలి.

చేయించుకుందామా = వేరొకరి చేత రాయించుకుందామా. మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతుల్లోనే లెక్కించింది. కాబట్టి దీనికి టీకా రాయడం శాస్త్రవిరుద్ధం కాదు. జీతగాడు ఉద్యోగంలో భాగంగా రాస్తే కృతి యజమానిది. బయటి డెవలపర్ కాంట్రాక్టు మీద రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు కృతి అతనిదే. డబ్బంతా పోసిన లా ఆఫీసు ఉత్త కృతిభర్త. హక్కు రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ కావాలి. బదిలీపత్రంలో కాలం చెప్పకపోతే 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్ళకు కుదిస్తుంది. ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అంటుంది. ఊరందరికీ ఒప్పందాలు రాసిపెట్టే ఆఫీసు తన ఒప్పందాన్ని మాత్రం నోటిమాటగా వదిలేస్తుంది. ఇది చిత్రమేమీ కాదు, రివాజే.

చూసి చెప్పవోయ్ = బాగుంటే నా ఎంపిక, చెడితే నీది.

ప్రక్షిప్తం

కొన్ని ప్రతుల్లో మూలం కింద “మా బావమరిది కొడుకు కోడింగ్ చేస్తాడట” అని ఇంకో వాక్యం కనిపిస్తుంది. ఇది తరువాతివారు చేర్చినది. గ్రాహ్యం కాదు.

ఆక్షేపం, సమాధానం

“దర్జీ కుట్టిన చొక్కా ఒంటికి నప్పుతుంది కదా” అని పూర్వపక్షం. చొక్కాకు ఏటా కొత్త చట్టం రాదు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక హత్య 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి మారాయి. నేరం అంతకుముందు జరిగితే పాత సెక్షనే. అంటే ప్రోగ్రాములో రెండు పట్టికలు ఉండాలి, నేరం తేదీని బట్టి ఏదో ఒకటి తెరుచుకోవాలి. ఇలాంటి మార్పు ఖర్చు రెడీమేడ్‌లో వేలమంది మధ్య పంచుకుపోతుంది. చేయించుకున్నదానిలో మొత్తం ఆఫీసు నెత్తిన పడుతుంది, అదీ డెవలపర్ ఇంకా ఫోను ఎత్తుతుంటే.

టీకాలకు పెట్టింది పేరైన మల్లినాథసూరి స్వస్థలం మెదక్ దగ్గరి కొల్చారమంటారు. మూలంలో లేనిదీ అవసరం లేనిదీ రాయనని ఆయన పట్టుదల. సాఫ్ట్‌వేర్ చేయించుకునే సీనియర్లకు ఆ నిగ్రహం ఉండదు. వాయిదాల పట్టికతో మొదలైన కోరిక రెండో మీటింగుకు జూనియర్ల హాజరు, మూడోదానికి పార్టీల పుట్టినరోజు శుభాకాంక్షలు అవుతుంది.

విశేషం

సీనియర్ రెండే దారులు అడిగారు. మూడోది ఆయన ఫోనులోనే ఉంది. జిల్లా కోర్టుల్లో, హైకోర్టులో ప్రతి కేసుకూ అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో అది ఒకసారి కొట్టి దాచుకుంటే తరువాతి వాయిదా ఉచితంగా కనిపిస్తుంది. నిజానికి చేయించుకోవడం అంటే అదీ: జిల్లా కోర్టుల సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ ఓపెన్ సోర్సు మీద కట్టింది, ఈకోర్ట్స్ మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 2023లో 7,210 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ పాటి ఖజానా ఉన్నవారు నిక్షేపంగా చేయించుకోవచ్చు. కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ, రెవెన్యూ కోర్టుల కేసులు మాత్రం ఆ యాప్‌లో రావు. వాటిని విడిగా ఎక్కించుకోవాలి.

తాత్పర్యం

వాయిదాలకు ఈకోర్ట్స్ యాప్ ఈరోజే మొదలుపెట్టాలి. ఫైళ్ళకూ లెక్కలకూ రెడీమేడ్‌ది తీసుకోవాలి, రివర్స్ ఛార్జి తెలిసినదే తీసుకోవాలి. చేయించుకోవాల్సింది రెండే: కాపీ వెనక ముద్ర చదివే గడువు లెక్క, తెలుగు పేర్ల వెతుకులాట. ఆ రెంటికీ బదిలీపత్రం కాలంతో, ప్రాంతంతో సహా రాయించుకోవాలి. అమ్మడానికి వచ్చిన సేల్స్ అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టి, ఒక ఫైలు ఎక్కించి, దాన్ని పూర్తిగా బయటికి తీసి చూపించమనండి. తీయలేకపోతే కాఫీ ఇచ్చి పంపేయండి.