సైలెంట్‌గా ఎక్కని సాఫ్ట్‌వేర్

రహమత్ నగర్‌లో అడ్రస్ అడిగితే ఎవరూ వెంటనే చెప్పరు. "ఏడికెళ్లి వస్తున్నవన్నా?" అని ముందు ఎదురు ప్రశ్న వేస్తారు. యూసుఫ్‌గూడ మెట్రో దగ్గర్నుంచి వచ్చేవాడికి ఎడమ సందైతే, ఎస్పీఆర్ హిల్స్ దిగి వచ్చేవాడికి అదే కుడి సందు మరి. మా గల్లీ పాన్‌డబ్బా ఆయనకున్న ఈ ఇంగితం విండోస్ బ్యాచ్ ఫైలుకు లేదు. తను ఎక్కడ నిలబడిందో అక్కడే లోకమంతా ఉందనుకుంటుంది.

నేను పనిచేసేది ఫిల్మ్‌నగర్‌లో ఒక పోస్ట్ ప్రొడక్షన్ ఆఫీసులో. ఎడిటింగ్, గ్రాఫిక్స్ గదుల్లోని సిస్టమ్‌లన్నిటికీ రాత్రికి రాత్రి ఓ ప్లగిన్ ఎక్కించాలి. నాకంటే ముందు పనిచేసి వెళ్లిపోయినాయన రాసిన బ్యాచ్ ఫైలు ఉంది. తన సిస్టమ్‌లో డబుల్ క్లిక్ చేస్తే చక్కగా నడిచిందట. నడవదా మరి, సెటప్ పక్కనే ఉంటే!

సైలెంట్ ఇన్‌స్టాల్ అంటే విండోస్ ఇన్‌స్టాలర్ కమాండ్ ఎంఎస్‌ఐఎగ్జెక్‌కు స్లాష్ క్యూఎన్ తగిలించడం. తెర మీద ఒక్క బాక్సూ రాదు. ఎక్కినా చెప్పదు, ఎక్కకపోయినా చెప్పదు. లాగ్ పెట్టి చూస్తే 1619, అంటే ప్యాకేజీ ఫైలే తెరుచుకోలేదని. సర్వర్ షేర్‌లోంచి, రెండు బ్యాక్‌స్లాష్‌ల పాత్‌తో నడిపితే కమాండ్ ప్రాంప్ట్ ఆ చోట నిలబడనంటుంది. "యూఎన్‌సీ పాత్‌లు కుదరవు" అని ఒక ముక్క గొణిగి, పోయి సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. మన సెటప్‌ను అక్కడ వెతుకుతుంది. ఆ గొణుగుడు వినడానికి అర్ధరాత్రి ఎవరున్నారు గనక?

పర్సెంట్, టిల్డా, డీ, పీ, సున్నా. ఈ ఐదు గుర్తులు సెటప్ పేరు ముందు చేరిస్తే, బ్యాచ్ ఫైలు తానున్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. కాదంటే పుష్‌డీ ఉంది. అది జెడ్ నుంచి వెనక్కి వస్తూ ఖాళీగా ఉన్న డ్రైవ్ అక్షరాన్ని తాత్కాలికంగా తగిలిస్తుంది. పని కాగానే పాప్‌డీ కొట్టడం మరవకూడదు.

"పీ డ్రైవ్‌లో పెట్టరాదా తమ్మీ, అందరికీ కనిపిస్తది కదా!" అన్నారు మేనేజర్‌గారు. అందరికీ కనిపిస్తుంది, నిజమే. కానీ రాత్రి ఈ బ్యాచ్ ఫైలును స్టార్టప్ స్క్రిప్టుగా నడిపేది సిస్టమ్ అకౌంటు. లాగిన్ అయిన మనిషి తగిలించుకున్న పీ డ్రైవ్ దాని కంటికి ఆనదు. షేర్ పూర్తి పాత్ రాయాలి, అక్కడ మనుషులకే కాదు, కంప్యూటర్ల అకౌంట్లకు కూడా చదివే హక్కు ఇవ్వాలి.

ఇక ఫోల్డర్ పేరంటారా, "ప్లగిన్ ఫైనల్ కొత్త ఫైనల్". సినిమావాళ్ల ఆఫీసు కదా, ఒక్క ఫైనల్‌తో తృప్తి ఉండదు. కొటేషన్ మార్కులు లేకపోతే కమాండ్ మొదటి ఖాళీ దగ్గరే పేరు అయిపోయిందనుకుంటుంది.

అన్నీ సర్దాక 3010 వచ్చింది. ఎక్కింది, రీస్టార్ట్ బాకీ అని దానర్థం. సున్నా కాని ప్రతిదీ ఫెయిలేనని పాత స్క్రిప్టు దాన్నీ ఎర్రగా చూపించింది. స్లాష్ నోరీస్టార్ట్ ముందే పెట్టాను కాబట్టి బతికాను. లేకపోతే రెండర్ మధ్యలో ఏ సిస్టమో చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అయ్యేదేమో.

ఎడిటర్‌గారి గదిలోకి తొంగిచూసి, "సార్, ఒక్కసారి రీస్టార్ట్..." అన్నాను.

"శుక్రవారం రిలీజయ్యేదాకా దీని జోలికి రాకు బాబూ."

ఏ శుక్రవారమని నేను అడగలేదు. ఆ సినిమా అప్పటికే వాయిదాల మీదుంది.